యమునలో ఒరిగిన మాను, చేపకు ఆశ్రయం

2023 జులై 13న ఢిల్లీ పాత రైల్వే వంతెన వద్ద యమున నీటిమట్టం 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటింది. అంతటి వరద ఒడ్డును కోసుకుంటూ చెట్లను వేళ్లతో సహా పెకలించగలదు. వంతెన స్తంభాలకు, బ్యారేజీ గేట్లకు అడ్డుపడే మానులను తొలగించక తప్పదు. ఒడ్డువార చిక్కుకుని నిలిచిన దుంగ సంగతి వేరు.

ప్రవాహానికి అడ్డంగా దుంగ ఒరిగితే నీరు దాని మీదుగానో, కిందుగానో ఉరవడిగా సాగి అడుగునున్న ఇసుకను తొలుస్తుంది. అక్కడ మడుగు ఏర్పడుతుంది. వేసవిలో ఏరు సన్నగిల్లినప్పుడు చేపలకు మిగిలే ఆశ్రయం అటువంటి మడుగే. దుంగ వెనుక వడి తగ్గి ఆకులు, ఒండ్రు నిలుస్తాయి. నానిన చెక్కపై నాచు పడుతుంది. దానిని మేసే పురుగులు, పురుగుల కోసం చిన్న చేపలు, వాటి వెంట వాలుగ వంటి వేటచేపలు చేరతాయి. గంగా పరీవాహక ప్రాంతంలో కనిపించే చితల చేప నీట మునిగిన కొయ్యలకు గుడ్లను అంటిస్తుంది. అవి పొదిగే వరకు మగచేప కాపలా కాస్తుంది. శీలవతి, బొచ్చె గుడ్లకు మాత్రం కొయ్యతో పనిలేదు. అవి వరదనీటిలో కొట్టుకుపోతూనే పొదుగుతాయి.

అమెరికా వాయవ్య రాష్ట్రాలలో 1970ల వరకు సాల్మన్ చేపల దారికి అడ్డమని వాగులలోని మానులను పనిగట్టుకుని తీసివేశారు. ఇప్పుడు ఖర్చుపెట్టి తిరిగి వేయిస్తున్నారు. అసోం జాలరులకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు: నీటిలో కొమ్మలు వేసి, వాటి నీడకు చేరిన చేపలను పట్టడం అక్కడ పాత పద్ధతి.

ఢిల్లీలో చిక్కు నీటితోనే. వజీరాబాద్ నుంచి ఓఖ్లా వరకు యమున సుమారు 22 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. వజీరాబాద్ బ్యారేజీ దాటగానే నజఫ్‌గఢ్ నాలా, అంటే ఒకప్పటి సాహిబీ నది, నగరపు మురుగును తెచ్చి కలుపుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ప్రకారం మత్స్యసంపద వృద్ధికి లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ అవసరం. ఎండాకాలంలో ఈ భాగంలో అది పలుచోట్ల సున్నాకు దిగుతుంది. అక్కడ దుంగ కింద మడుగు ఏర్పడినా అందులో నిలిచేది మురుగే. కుళ్లే ఆకులు ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ హరిస్తాయి.

బ్యారేజీకి ఎగువన, పల్లా వైపు నీరు కొంత మెరుగు. వంతెనలకు ముప్పులేని చోట ఒరిగిన మానును కట్టెల కోసమో, శుభ్రత పేరుతోనో లాగివేయకుండా వదలవలసింది ముందుగా అక్కడే.