విటమిన్ డి: ఐసీయూ రోగుల్లో లోపం, ఫలితాలు

ఐసీయూలో చేరే రోగుల్లో చాలామందికి రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉంటుంది. లోపం తీవ్రంగా ఉన్నవారిలో మరణాలూ ఎక్కువే. అయితే ఆ లోపం వల్లే జబ్బు ముదురుతుందా, జబ్బు ముదరడం వల్లే లోపం కనిపిస్తుందా అన్నదానిపై వైద్యరంగంలో చాలాకాలంగా చర్చ నడుస్తోంది.

పూర్వరంగం

కాడ్ చేప నూనెలో రికెట్స్‌ను నయంచేసే పదార్థం వేరే ఉందని 1922లో అమెరికా శాస్త్రవేత్త ఎల్మర్ మెకాలమ్ బృందం చూపింది. దానికే విటమిన్ డి అన్న పేరు స్థిరపడింది. చాలాకాలం దాన్ని ఎముకల విటమిన్‌గానే చూశారు. క్షయ క్రిములను చంపే కేథలిసిడిన్ తయారీలో దానికి పాత్ర ఉందని 2006లో తేలాక, ఇన్ఫెక్షన్లపై పరిశోధన ఊపందుకుంది. ఐసీయూ రోగుల్లో ఈ లోపం గురించి సిడ్నీ వైద్యులు 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు.

తెలుగునాట

విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం సుమారు 16.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఇలాంటి చోట ఎండకు కొదవ లేదు. అయినా ఎండ కాసినంత మాత్రాన లోపం ఉండదనుకోలేం. తిరుపతి స్విమ్స్‌లో సి.వి. హరినారాయణ్ బృందం 943 మంది పట్టణవాసులను, 205 మంది గ్రామీణులను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. గ్రామీణుల్లో స్థాయి కాస్త మెరుగ్గా ఉన్నా లోపం రెండుచోట్లా విస్తృతంగా కనిపించింది. తిండిలో కాల్షియం తక్కువగా, దాన్ని ఒంటబట్టనివ్వని ఫైటేట్ ఎక్కువగా ఉన్నాయి. ఆసుపత్రికి రాకముందే చాలామందికి ఈ లోపం ఉంటుందన్నమాట.

కోవిడ్ కాలంలో హైదరాబాద్ నిమ్స్ వైద్యులు, లోపం ఉన్న రోగులకు రోజుకు 60,000 యూనిట్ల చొప్పున 8 లేదా 10 రోజులు ఇచ్చారు. వాపు సూచికలు బాగా తగ్గాయని 2021లో ప్రకటించారు. సూచికలు తగ్గడం వేరు, ప్రాణాలు దక్కడం వేరు.

పెద్ద ప్రయోగాలు

ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో జరిగిన విట్‌డాల్-ఐసీయూ ప్రయోగంలో (2014) 5,40,000 యూనిట్లు ఇచ్చి, ఆపై నెలకు 90,000 చొప్పున కొనసాగించారు. ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గలేదు. కానీ మిల్లీలీటరుకు 12 నానోగ్రాములు, అంతకంటే తక్కువ ఉన్నవారిలో ఆసుపత్రి మరణాలు 46.1 శాతానికి బదులు 28.6 శాతమే. ఆ ఆశతో అమెరికాలో చేసిన వయొలెట్ ప్రయోగం (2019) నిరాశపరిచింది: 90 రోజుల మరణాలు విటమిన్ ఇచ్చినవారిలో 23.5 శాతం, ఇవ్వనివారిలో 20.6 శాతం. ఈ తేడా గణాంకపరంగా లెక్కలోకి రాదు.

ప్రస్తుత అవగాహన

తీవ్ర అస్వస్థతలో విటమిన్‌ను మోసే ప్రోటీన్లు తగ్గుతాయి, సెలైన్‌తో రక్తం పలుచబడుతుంది, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటే విటమిన్ చురుకైన రూపంలోకి మారదు. కాబట్టి అప్పటి అంకె కొంతవరకు జబ్బు తీవ్రతకే కొలమానం. ఐసీయూలో అందరికీ ఒకేసారి భారీ మోతాదు ఇవ్వాలన్న వాదన వయొలెట్‌తో బలహీనపడింది. తీవ్ర లోపం ఉన్నవారికే ఇచ్చి చూసేందుకు ఐరోపాలో విట్‌డలైజ్ ప్రయోగాన్ని చేపట్టారు.