కీళ్లవాతం - పేరుతో వచ్చిన చిక్కు

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు "నేనేం డాక్టర్నా?" అన్నాను. అయితే ముప్ఫయ్యేళ్లకు పైగా ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో సెలవు కాగితాలు చూసినవాణ్ణి. జబ్బుల పేర్లు నాకు తెలిసినన్ని మందుల షాపువాడికి కూడా తెలియవని తోటివారు వేళాకోళం చేసేవారు. పేరు తెలిస్తే జబ్బు తెలిసినట్టేననుకోవడమే నేను చేసిన పొరపాటు. ఆ సంగతి చివర చెబుతాను.

మన ఇళ్లల్లో మోకాలు నొప్పి అన్నా, నడుం పట్టేసినా, వేళ్లు వాచినా ఒకటే మాట, వాతం. కాస్త ఇంగ్లీషు వచ్చినవాళ్లు అదే ధోరణిలో 'ఆర్థ్రైటిస్' అంటారు. నిజానికి ఆ మాటకు కీలు వాపు అని తప్ప వేరే అర్థం లేదు. ఆ గొడుగు కింద వందకు పైగా జబ్బులున్నాయి. మనబోటి వాళ్లకు వయసు మీదపడ్డాక ఎక్కువగా వచ్చేది, కీలులోని మెత్తటి ఎముక అరిగిపోయి బాధపెట్టేది ఆస్టియో ఆర్థ్రైటిస్. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అది కాదు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దారితప్పి సొంత కీళ్ల లోపలి పొరమీద దాడి చేస్తుంది. కంచే చేను మేయడమన్నమాట. మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. ముప్ఫై, నలభై ఏళ్లకే పట్టుకోవచ్చు. కీళ్లతో ఆగకుండా ఊపిరితిత్తులను, కళ్లను, గుండెను కూడా తాకవచ్చు. ఇంత జబ్బుకు 'కీళ్లవాతం' అన్న పేరు ఎలా అతుక్కుందో చూద్దాం.

'రూమా' అంటే గ్రీకు భాషలో ప్రవాహం. తలలోంచి ఏదో చెడ్డ నీరు దిగి కీళ్లలో చేరుతుందని పూర్వపు వైద్యుల నమ్మకం. దానిమీదనే 'రుమటిజం' అన్న మాట వచ్చింది. పారిస్ వైద్యుడు గియోమ్ ద బయ్యూ కీళ్ల బాధకు ఈ పేరు వాడుతూ రాసిన పుస్తకం ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1642లో అచ్చయింది. 1800లో అదే పారిస్‌లో సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో పనిచేస్తున్న లాండ్రే బోవే అనే యువ వైద్యుడు తన పట్టా వ్యాసంలో తొమ్మిదిమంది రోగుల సంగతి రాశాడు. అంతా బీద ఆడవాళ్లు. ఆ రోజుల్లో కీళ్ల జబ్బంటే గౌట్. అది తిని కూర్చునే ధనవంతులైన మగవాళ్ల జబ్బని ప్రతీతి. మరి ఈ నిరుపేదలకు ఎలా వచ్చింది? ఇది వేరే జబ్బని ఆయన పసిగట్టాడు. అయినా పాత పేరు వదల్లేక నీరసపు గౌట్ అన్న అర్థం వచ్చే పేరే పెట్టాడు.

లండన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ బేరింగ్ గారడ్ గౌట్ రోగుల రక్తంలో యూరిక్ ఆమ్లం పేరుకుంటుందని 1848లో కనిపెట్టాడు. రెండో రకం రోగుల్లో అది లేదు. 1859లో అచ్చయిన పుస్తకంలో, ఉన్న పేర్లు చాలక ఇంకో పేరు పెట్టడం ఇష్టం లేదంటూనే, గౌట్‌తోనూ రుమటిజంతోనూ చుట్టరికం కలపని పేరు దీనికి ఉండాలని కోరి, 'రుమటాయిడ్ ఆర్థ్రైటిస్' అన్నాడు. 'ఆయిడ్' అంటే 'లాంటిది' అని. చుట్టరికం వద్దన్న పెద్దమనిషే ఇంటిపేరు మాత్రం రుమటిజందే తగిలించాడు! బ్రిటన్ ఆరోగ్య శాఖ 1922లో, అమెరికా వైద్యుల సంఘం 1941లో దీన్నే ఖాయం చేశాయి. దాని అసలు గుట్టు తెలియకముందే పేరు స్థిరపడిపోయిందన్నమాట.

మనవాళ్లూ తక్కువవారేం కాదు. పన్నెండు పదమూడు శతాబ్దాల కిందటి మాధవ నిదానంలో 'ఆమవాతం' అని విడిగా ఒక అధ్యాయమే ఉంది. కీళ్ల వాపుతోపాటు జ్వరం, అరుచి, ఒళ్లు బరువు కూడా దాని లక్షణాలుగా చెప్పారు. అంటే ఇది ఒంటినంతా పట్టే రోగమని అప్పుడే గ్రహించారు. రెండూ అచ్చంగా ఒకటేనని నేననను గాని, పోలిక గట్టిది. వాడుకలో మనం 'ఆమ' వదిలేసి 'వాతం' ఉంచుకున్నాం.

మందుల కథలోనూ పేరు అడ్డుపడింది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ 29 ఏళ్ల రోగికి కార్టిజోన్ ఇచ్చాడు. కదలలేని మనిషి కొద్ది రోజుల్లో లేచి నడిచింది. 1950లో ఆయనకూ మరిద్దరికీ నోబెల్ వచ్చింది. ఎక్కువకాలం వాడితే ఆ మందు చేసే చేటు తర్వాత తెలిసింది. దానికి ఒక్క నెల ముందు, ఆగస్టులో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో 53వ ఏట కన్నుమూశారు. లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనలోంచే ఎమినోప్టెరిన్, దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ వచ్చాయి. అవి పిల్లల రక్త కాన్సర్ కోసం వాడినవి. ఎమినోప్టెరిన్ ఈ కీళ్ల జబ్బుకు కూడా పనిచేస్తుందని 1951లోనే గబ్నర్ అనే డాక్టరు రాసినా, అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌కు దీనికోసం అనుమతి ఇచ్చింది 1988లో. ఈనాటికీ ఈ జబ్బుకు డాక్టర్లు ముందుగా రాసే మందు సాధారణంగా అదే, కాకపోతే చాలా చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారే. రోజూ మింగితే ప్రాణాపాయం. డాక్టరు చెప్పిన వారం, చెప్పిన మోతాదు తప్పకూడదు. "అయ్యో, కాన్సర్ మందిచ్చారండీ!" అని భయపడి మానేసిన వాళ్లను నేనెరుగుదును. జబ్బు పేరు వింటే చిన్నచూపు, మందు పేరు వింటే హడల్!

ఇక నా సంగతి. 1984లో మా ఆఫీసులో 26 ఏళ్ల టైపిస్టు ఉండేది. పొద్దున్నే మణికట్లు బిగుసుకుపోయి గంటకు పైగా వేళ్లు ముడవలేకపోయేది. మధ్యాహ్నానికి మామూలుగా టైపు చేసేది. రెండు నెలల సెలవుకు డాక్టరు సర్టిఫికెట్ పెట్టింది. 'ఆర్థ్రైటిస్' అన్న మాట చూసి నేను నోట్ రాశాను: "ఇది వృద్ధాప్యపు వ్యాధి. దరఖాస్తుదారు వయసు 26. పైగా మధ్యాహ్నం పని చేయగలుగుతున్నారు." ఆఫీసరుగారు సంతకం పెట్టారు. ఆ సెలవు జీతం లేని సెలవైంది. ఫైలు సక్రమంగా నడిపానని ఆ రోజు తృప్తిపడ్డాను కూడా.

2006లో మా అమ్మాయికి 34వ ఏట అదే జబ్బు వచ్చింది. పొద్దుటి బిగుతు ఈ జబ్బు గుర్తని, పూట గడిచేకొద్దీ సడలడం నటన కాదని డాక్టరు వివరిస్తుంటే ఆ నోట్‌లోని అక్షరాలు నా కళ్లముందు కనబడ్డాయి. మా అమ్మాయికి తొందరగా మందు పడింది. వేళ్లు నిలిచాయి.

ఆ మధ్య లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్తే వరసలో ఆ టైపిస్టు కనబడింది. ఆమే గుర్తుపట్టి "బాగున్నారా సార్" అంది. ఆ నోట్ రాసింది నేనని తెలుసో లేదో! నోరు పెగల్లేదు. వేలిముద్ర మిషన్ మీద ఆమె కుడిచేతి వేలు ఆనలేదు, పక్కకు వంగిపోయింది. కౌంటర్లో కుర్రవాడు మర్యాదగానే అడిగాడు, "ఏమ్మా, వాతమా?" అని. "అవును బాబూ" అంది. నేను అసలు పేరు చెప్పబోయాను. ఆమె వద్దన్నట్టు తలూపి, ఎడమచెయ్యి తీసి ఆ మిషన్ మీద పెట్టింది.