వ్యాగను మీద చారల్ని ఎవరు తుడవాలి?

సరుకు రవాణాకి ట్రాకింగు సిస్టం కొనేటప్పుడు మన ఐటీ జనాలం మొదట అడిగేది "యాక్యురసీ ఎంత?" అని. వెండరు 99 పాయింట్ ఎంతో అంటాడు. డెమోలో చూపిస్తాడు కూడా, అబద్ధమేం కాదు. నేను కొన్నేళ్ళుగా లాజిస్టిక్స్ ప్రాజెక్టుల్లోనే ఉన్నాను. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిదేంటో చెప్పాలంటే అమెరికా రైళ్ళ కథ ఒకటి చెప్పుకోవాలి.

బార్ కోడ్ అనగానే మనకి సూపర్ మార్కెట్టు గుర్తొస్తుంది. అక్కడ మొదటిసారి చూయింగ్ గమ్ ప్యాకెట్టు స్కాన్ చేసింది 1974లో, ఒహాయో రాష్ట్రంలో. అప్పటికే అమెరికా గూడ్సు వ్యాగన్లలో చాలావాటికి చారల స్టిక్కర్లు అంటించేశారు!

ఎందుకంటారా? అక్కడ సరుకు రైళ్ళు నడిపేది ప్రైవేటు కంపెనీలు. ఒకరి వ్యాగను ఇంకొకరి పట్టాల మీదకి, అక్కణ్ణించి మూడోవాళ్ళ పట్టాల మీదకి వెళ్ళిపోతూ ఉంటుంది. పరాయి వ్యాగను తమ దగ్గరున్నన్నాళ్ళూ దాని ఓనరుకి అద్దె కట్టాలి. అంటే ఏ వ్యాగను ఎక్కడుందో తెలియకపోతే డబ్బు పోతుందన్నమాట. అది కనిపెట్టే పద్ధతేమో, యార్డులో గుమాస్తా నిలబడి నంబర్లు రాసుకోవడం.

డేవిడ్ కాలిన్స్ అనే ఇంజనీరు చదువుకునే రోజుల్లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌లో పని చేశాడు. ఈ తంతు అక్కడ చూశాడు. తర్వాత సిల్వేనియా కంపెనీలో చేరి కార్‌ట్రాక్ అనే సిస్టం తయారు చేశాడు. వ్యాగను పక్కన రంగు చారల స్టిక్కరు అంటిస్తారు. మీద వెలుగు పడితే తిరిగి మెరిసే రకం చారలు. బండి వెళ్తుంటే పట్టాల పక్కనున్న స్కానరు వాటిని చదువుతుంది. 1961లో బోస్టన్ అండ్ మెయిన్ రైల్వేలో పరీక్షలు మొదలయ్యాయి. 1967లో రైలు కంపెనీల సంఘం దీన్నే ప్రామాణికంగా తీసుకుని, 1970 కల్లా అన్ని వ్యాగన్లకీ అంటించాలంది. గడువు దాటింది గానీ, 70ల మధ్యకొచ్చేసరికి 90 శాతం పైగా అంటించారు కూడా.

అయినా 1977లో మొత్తం వదిలేశారు.

కారణం మరీ చిన్నది. మురికి! బొగ్గు ధూళి, బురద, మంచు, దెబ్బలు. నాలుగైదేళ్ళు తిరిగేసరికి ప్రతి అయిదు స్టిక్కర్లలో ఒకటి చదవడానికి రాలేదు. వంద వ్యాగన్ల బండిలో ఇరవైకి నంబరు లేకపోతే గుమాస్తా మళ్ళీ పలకా బలపం పట్టుకుని బయల్దేరాల్సిందే. రెండు పద్ధతులూ నడపాలి, రెంటికీ ఖర్చు పెట్టాలి.

మరి తుడవచ్చు కదా? అసలు చిక్కు ఇక్కడే. స్టిక్కరు ఉన్న వ్యాగను ఒకరిది, స్కానరు ఇంకొకరిది. నేను తుడిస్తే లాభం పక్కవాడికి. పైగా 1970లో పెన్ సెంట్రల్ అంతటి కంపెనీ దివాళా తీసింది. పట్టాలు బాగు చేయించడానికే డబ్బుల్లేనివాళ్ళు స్టిక్కర్లు తుడిపిస్తారా!

కాలిన్స్ మాత్రం 1968లోనే బయటకొచ్చి కంప్యూటర్ ఐడెంటిక్స్ అనే సొంత కంపెనీ పెట్టాడు. 1969లో జనరల్ మోటార్స్ వాళ్ళ పాంటియాక్ ఫ్యాక్టరీలో అతని బార్ కోడ్ స్కానరు పెట్టారు. అక్కడ శుభ్రంగా పని చేసింది. ఫ్యాక్టరీలో వాన పడదు, అది ఒక కారణం. అంటించేవాడూ చదివేవాడూ ఒకే యజమాని కింద ఉండటం, నా లెక్కలో, ఇంకా పెద్ద కారణం.

రైళ్ళ వాళ్ళు 1991లో మళ్ళీ మొదలెట్టి 1994 చివరికల్లా దాదాపు అన్ని వ్యాగన్లకీ రేడియో ట్యాగులు బిగించారు. ఆర్‌ఎఫ్ఐడీ అంటామే, అది. పది లక్షలకి పైగా వ్యాగన్లు, ఒక్కోదానికి రెండు ట్యాగులు. బురద పట్టినా చదువుతుంది, బ్యాటరీ మార్చే పని లేదు. కంపెనీల స్వభావం ఏం మారలేదు. తుడిచే అవసరం లేని వస్తువు దొరికింది, అంతే.

మన ఫాస్టాగ్ కూడా ఈ కుటుంబంలోదే. దాంట్లో నాకు నచ్చేది టెక్నాలజీ కన్నా రూలు. ట్యాగు చెల్లకపోతే ఎక్కువ టోలు కట్టాల్సింది బండి ఓనరు. ట్యాగు బాగుండి, బ్యాలెన్సు కూడా ఉండి, ప్లాజాలో మిషను పని చెయ్యకపోతే బండిని ఊరికే వదలాలి. ఎవరి వస్తువు పాడైతే వాళ్ళకే నష్టం. ఇక బాగు చేయించుకోమని ఒకరు చెప్పాలా?

కాబట్టి లారీలకి జీపీఎస్ అయినా, కోల్డ్ చైన్‌లో టెంపరేచరు సెన్సరు అయినా, నేను ముందు అడిగేది ఇదే: మూడేళ్ళ తర్వాత దీన్ని తుడిచేది ఎవరు, తుడవకపోతే నష్టం ఎవరికి? ఈ రెండిటికీ ఒకే పేరు జవాబుగా వస్తే అప్పుడు యాక్యురసీ సంగతి మాట్లాడుకుందాం. రెండు పేర్లొచ్చాయా, 99 పాయింట్ ఎంతైనా సరే, గుమాస్తాని మాత్రం ఉద్యోగంలోంచి తీసెయ్యకండి :)