గాజులు ఎక్కని చెయ్యి

ఈ ఏడు శ్రావణమాసంలో మా గచ్చిబౌలి అపార్ట్‌మెంటులో పేరంటానికి పిలిస్తే వెళ్ళాను. వాయనం ఇస్తున్న ఆవిడకి ఎడమచేతి నిండా ఆకుపచ్చ గాజులు, కుడిచేతికి ఒక్కటీ లేదు. "అదేమిటండీ, శుక్రవారం పూట?" అని నోరుజారి అడిగాను. "ఎక్కడం లేదండీ" అంటూ ఆవిడ పైటచెంగు చేతిమీదికి లాక్కున్నారు.

తరువాత వంటింట్లో విడిగా చెప్పారు. రెండేళ్ళ కిందట రొమ్ము కేన్సరుకి ఆపరేషన్ అయింది, కరెంటు పెట్టారు, జబ్బు నయమైంది. ఎనిమిది నెలలు గడిచాక ఉంగరం బిగిసింది. ఆపైన రవిక చెయ్యి పట్టలేదు. ఆఖరికి గాజులు. వాళ్ళది గోదావరి జిల్లా. అత్తగారు చూసి "బోద" అని తేల్చేశారట. ఇంటికి పంపేటప్పుడు "ఆ చేత్తో బరువులెత్తకండి" అన్న మాట తప్ప ఆస్పత్రిలో మరేమీ చెప్పలేదట. అంచేత ఆవిడ ఆ చేతిని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారు. నీళ్ళ చెంబు కూడా ఎత్తరు.

అత్తగారి మాట పూర్తిగా తప్పేమీ కాదండోయ్. మన ఊళ్ళలో ముందు కట్టిన గొలుసుకట్టు చెరువులు గుర్తున్నాయి కదా? ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకి, అక్కడినించి ఇంకో దానికి నీళ్ళు వెళ్ళేవి. మన ఒంట్లోనూ అలాంటి ఏర్పాటే ఉంది. రక్తనాళాల్లోంచి కండలోకి ఊరిన నీరు సన్నని కాలవల వెంట తిరిగి రక్తంలోకి చేరుతుంది. దాన్ని పాఠ్యపుస్తకాల్లో శోషరసం అంటారు. దారిలో ఉండే చెరువులే మనం "చంకలో బిళ్ళ కట్టింది" అంటామే, ఆ బిళ్ళలు. బోదకాలులో ఈ కాలవల్ని పురుగులు పాడుచేస్తాయి. ఈవిడకి పురుగులేం లేవు. చంకలో బిళ్ళలు తీసేశారు, కరెంటు వల్ల మిగిలిన కాలవలు బిరుసెక్కాయి. చెరువులు పూడ్చి ఇళ్ళు కడితే వాన పడ్డప్పుడు నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో గచ్చిబౌలివాళ్ళకి నేను చెప్పాలా?

మరి ఆ బిళ్ళలు ఎందుకు తీస్తారు? ఇక్కడ వంద సంవత్సరాలకి పైగా వెనక్కి వెళ్ళాలి.

అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ ఉండేవారు. 1882లో మొదలుపెట్టి, 1894లో 50 మంది స్త్రీల వివరాలతో తన పద్ధతిని ప్రకటించారు. రొమ్ము, దాని వెనక ఛాతీ కండరాలు, చంకలోని బిళ్ళలు అన్నీ ఒక్కచోటగా కోసి తీసేయడం. కేన్సరు ఒక చోట మొదలై పక్కకి పాకుతుంది, ఎంత ఎక్కువ తీస్తే అంత క్షేమం అని ఆయన నమ్మకం. ఆ రోజుల్లో అది సాహసమే. దాదాపు ఎనభై ఏళ్ళపాటు ప్రపంచమంతా అదే దారిలో నడిచింది.

ఈయనే మరో పనీ చేశారు. ఆయన ఆపరేషన్ గదిలో పనిచేసే కారొలిన్ హాంప్టన్ అనే నర్సు చేతులు మందునీళ్ళకి పుండ్లు పడుతుంటే, గుడ్‌ఇయర్ కంపెనీ చేత పల్చని రబ్బరు తొడుగులు చేయించి ఇచ్చారు. 1890లో ఆమెనే పెళ్ళాడారు. ఈవేళ డాక్టర్లు వేసుకునే గ్లోవ్స్‌కి మూలం ఆ ప్రేమే! ఆ నర్సు చేతుల బాధ చూసి అంత త్వరగా కదిలిన మనిషి, తన రోగుల చేతుల వాపు గురించి విడిగా ఒక వ్యాసం రాసింది 1921లో. మరుసటి ఏడే పోయారు. ఆ వాపుకి ఆయన పెట్టిన పేరు చూడండి: శస్త్రచికిత్స వల్ల వచ్చే ఏనుగు రోగం. మన అత్తగారి "బోద"కి ఎంత దూరం?

వాపు సంగతి తెలియక కాదు, ప్రాణం దక్కింది కదా, చెయ్యి వాస్తే వాచింది అనే ధోరణి. రోగులూ అలాగే అనుకుని కొంగు కప్పుకున్నారు. ఎదురు ప్రశ్న వేసినవారు తక్కువ. 1952లో న్యూయార్కులో టెరీస్ లాసర్ అనే గృహిణి, తనకే ఈ ఆపరేషన్ అయ్యాక, ఆస్పత్రులకి వెళ్ళి తనలాంటి వాళ్ళని పలకరించడం మొదలుపెట్టింది. చెయ్యి ఆడించడానికి ఒక రబ్బరు బంతి, ఒక తాడు ఇచ్చేది. కొందరు డాక్టర్లకి కోపం వచ్చింది. ఆవిడ ఆగలేదు.

మన దగ్గర 1954లో ముత్తులక్ష్మీ రెడ్డిగారి పట్టుదలతో మద్రాసు అడయారులో కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. 1955లో హైదరాబాదులో ఈవేళ మెహదీ నవాజ్ జంగ్ పేరుతో ఉన్న ఆస్పత్రి, 2000లో బసవతారకం ఆస్పత్రి. ఊరు దాటకుండా వైద్యం దొరికింది. బతికి ఇంటికి వచ్చి, పాతికేళ్ళు కాపురం చేసుకునే స్త్రీలు పెరిగారు. చేతి మాట అప్పుడే కదా పైకి వచ్చేది!

కత్తి కూడా తగ్గుతూ వచ్చింది. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ 1971 నించి 1,665 మంది స్త్రీలని పరీక్షించి, అంత కోసినా కొయ్యకపోయినా ఆయుర్దాయంలో తేడా లేదని చూపించారు. పాతికేళ్ళు గమనించి 2002లో మళ్ళీ అదే చెప్పారు. ఇటలీలో వెరొనేసి 1981లో, రొమ్ము మొత్తం తీయనక్కరలేని సందర్భాలున్నాయని రుజువు చేశారు. 1990ల మొదట్లో ఇంకో ఉపాయం వచ్చింది. రంగునీళ్ళు ఎక్కించి, కేన్సరు మొట్టమొదట చేరే బిళ్ళని పట్టుకుని, ముందు దాన్నే పరీక్షించడం. అందులో జబ్బు లేకపోతే మిగతావాటిని ముట్టుకోరు. 2013లో అనేక పరిశోధనలు కలిపి వేసిన లెక్క ప్రకారం, బిళ్ళలన్నీ తీసిన వాళ్ళలో సుమారు 100కి 20 మందికి చెయ్యి వాస్తే, ఈ పద్ధతిలో 6 మందికి లోపే. ఆపరేషన్‌కి ముందే "నాకు ఏ పద్ధతి, ఎందుకు?" అని అడగడం మన హక్కు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

ఇక ఆ "బరువులెత్తకండి" మాట. 1996లో కెనడాలోని వాంకూవర్‌లో డాన్ మెకంజీ అనే క్రీడావైద్యుడు, ఈ ఆపరేషన్ అయిన 24 మంది స్త్రీలని పోగుచేసి, పడవ తెడ్డు వేయించారు. చెయ్యి పాడవుతుందని అందరూ భయపడ్డారు. వాళ్ళలో కొత్తగా ఎవరికీ వాపు రాలేదు. ఆ తరువాత 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు, అప్పటికే చెయ్యి వాచిన 141 మంది స్త్రీలపై పరీక్ష జరిపారు. వారానికి రెండుసార్లు, శిక్షకుల పర్యవేక్షణలో, చేతికి బిగుతు తొడుగు వేసుకుని, కొద్దికొద్దిగా పెంచుతూ బరువులెత్తిన వాళ్ళలో వాపు ముదరడం 14 శాతం. ఎత్తని వాళ్ళలో 29. కండ కదిలితేనే కాలవలో నీరు నడుస్తుంది మరి. అలాగని రేపే బియ్యం బస్తా ఎత్తమనడం లేదు సుమండీ!

మర్దన సంగతీ చెప్పాలి. 1930లలో వోడర్ దంపతులు రూపొందించిన పద్ధతిలో చర్మాన్ని ఈకతో నిమిరినంత మెత్తగా జరుపుతారు. మనం ఇళ్ళల్లో నూనె రాసి గట్టిగా పిసుకుతామే, అది కాదు. ఫిజియోథెరపిస్టు దగ్గరే నేర్చుకోవాలి. పట్టీలు, తొడుగులు కూడా అంతే, కొలత చూసి ఇవ్వాలి.

వాపు ఒకసారి ముదిరితే పూర్తిగా వెనక్కి పోవడం కష్టం. మొదట్లో పట్టుకుంటే అదుపులో ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద శత్రువు చర్మంలో చేరే ఇన్ఫెక్షన్. కత్తిపీట గాటు, నూనె చిట్లడం, దోమకాటు, వంకాయ ముల్లు ఏదైనా చాలు. అంట్లు తోమేటప్పుడు తొడుగులు వేసుకోండి, పగుళ్ళు రానీకండి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. హఠాత్తుగా వాచినా అంతే. దానికి వేరే కారణం ఉండవచ్చు.

మొన్న ఆవిడతో నేనూ వెళ్ళాను. ఫిజియోథెరపిస్టు అమ్మాయి టైలరు టేపుతో రెండు చేతులూ అవే చోట్ల కొలిచింది. మోచేతి కింద మూడున్నర సెంటీమీటర్లు తేడా. నెలకోసారి ఇలాగే కొలిచి రాసుకోమంది. ఇప్పుడు వాళ్ళ వంటింటి కేలండరులో, పాలవాడి లెక్క పక్కనే ఆ అంకెలుంటున్నాయి. రెండో నెలకి మూడుకి దిగింది. గాజులు ఇంకా ఎక్కలేదు. చెంబు మాత్రం ఎత్తుతున్నారు.