మంచినీటి ఆల్చిప్ప: శాస్త్రీయ నామం వెనుక చరిత్ర

భారత ఉపఖండంలోని చెరువులు, నదుల అడుగు బురదలో సగం కూరుకుని జీవించే మంచినీటి ఆల్చిప్పల్లో ప్రధానమైనది ‘లామెల్లిడెన్స్ మార్జినాలిస్’. తెలుగులో ‘ఆల్చిప్ప’ అనే మాట దీనికీ, సముద్రంలో ముత్యాలనిచ్చే ‘పింక్టాడా’ చిప్పకూ సమానంగా వర్తిస్తుంది. జంతుశాస్త్రం ప్రకారం ఈ రెండూ వేర్వేరు క్రమాలకు చెందిన జీవులు. వాడుక పేరు తొలగించలేని ఈ అస్పష్టతను శాస్త్రీయ నామం తొలగిస్తుంది.

వర్గీకరణలో స్థానం

ఈ జీవి మొలస్కా వర్గంలో, రెండు చిప్పలు గల బైవాల్వియా తరగతిలో, యూనియోనిడా క్రమంలో, యూనియోనిడే కుటుంబంలో ఉంది. దీని ప్రజాతి లామెల్లిడెన్స్, జాతి మార్జినాలిస్. లాటిన్‌లో ‘లామెల్లా’ అంటే పలుచని రేకు, ‘డెన్స్’ అంటే దంతం. రెండు చిప్పలను కలిపే కీలు వద్ద ఉండే రేకుల వంటి దంతాలను బట్టి ఈ పేరు ఏర్పడింది. ‘మార్జినాలిస్’ అంటే అంచుకు సంబంధించినది.

కుండలీకరణాల అర్థం

ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ 1819లో ఈ జాతిని ‘యూనియో మార్జినాలిస్’ పేరుతో వర్ణించారు. 1900లో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ టోరీ సింప్సన్ లామెల్లిడెన్స్ ప్రజాతిని నెలకొల్పారు. అందువల్ల పూర్తి నామాన్ని ‘లామెల్లిడెన్స్ మార్జినాలిస్ (లామార్క్, 1819)’ అని రాస్తారు. తొలుత వర్ణించిన ప్రజాతి నుంచి జాతిని వేరొక ప్రజాతికి మార్చినప్పుడే రచయిత పేరు, సంవత్సరం కుండలీకరణాల్లోకి చేరుతాయి. ప్రజాతి మారకుంటే అవి కుండలీకరణాలు లేకుండానే ఉంటాయి. ముల్లర్ 1774లో ‘మయా కొర్రుగాటా’గా వర్ణించిన జాతి కూడా ఇలాగే నేడు ‘పారేసియా కొర్రుగాటా’గా స్థిరపడింది.

ఒక జీవికి అనేక నామాలు

ఆల్చిప్ప ఆకృతి వయసును బట్టి, నీటి ప్రవాహాన్ని, అడుగు నేలను బట్టి మారుతుంది. చిప్పను మాత్రమే చూసి వర్ణించిన పూర్వ శాస్త్రవేత్తలు ఒకే జాతికి పలు పేర్లు పెట్టిన సందర్భాలు అనేకం. అటువంటప్పుడు నిబంధనల ప్రకారం చెల్లుబాటయ్యే పేర్లలో సాధారణంగా అత్యంత పాతదానికే ప్రాధాన్యం లభిస్తుంది, మిగిలినవి పర్యాయనామాలవుతాయి. ప్రస్తుతం డీఎన్ఏ పరీక్షలు ఈ నిర్ధారణకు తోడ్పడుతున్నాయి.

గుర్తింపు ఎందుకు కీలకం?

భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి జలచరాల పెంపకం సంస్థ అభివృద్ధి చేసిన ముత్యాల సాగు విధానంలో లామెల్లిడెన్స్ మార్జినాలిస్, లామెల్లిడెన్స్ కొర్రియానస్, పారేసియా కొర్రుగాటా జాతులను వినియోగిస్తారు. యూనియోనిడే కుటుంబపు ఆల్చిప్పల డింభకాలు సాధారణంగా చేపల మొప్పలకో, రెక్కలకో అంటిపెట్టుకుని కొంతకాలం పరాన్నజీవులుగా గడుపుతాయి. ఏ చేప ఆతిథ్యమిస్తుందన్నది ఆల్చిప్ప జాతిని బట్టి మారవచ్చు. జాతిని తప్పుగా గుర్తిస్తే దాని సంతతికి అవసరమైన చేపను గుర్తించడమూ కష్టమవుతుంది. రెండు జాతులను ఒకటిగా లెక్కిస్తే, వాటిలో అరుదైనది అంతరిస్తున్నా గణాంకాల్లో కనిపించదు. సాగుకైనా సంరక్షణకైనా సరైన నామమే తొలి ఆధారం.