బొగ్గుబాయి నుంచి చౌమహల్లాకు

సెలవులొస్తే గోదావరిఖని కాలనీల నుంచి పిల్లాపాపలతో హైదరాబాద్ చూడబోయే కుటుంబాలు చార్మినార్ ఎక్కి, లాడ్ బజారులో గాజులు కొనుక్కుని తిరుగుముఖం పడతాయి. అక్కడికి దగ్గర్లోనే, ఖిల్వత్‌లో ఉంది చౌమహల్లా ప్యాలెస్. సింగరేణి మనుషులు చూడకుండా రాకూడని చోటు అది. బొగ్గుబాయి కథా, ఆ మహలు కథా ఒకే సర్కారు కింద నడిచాయి మరి.

చౌ అంటే నాలుగు, మహలాత్ అంటే మహళ్లు. మొదటి నిజాం కొడుకు సలాబత్ జంగ్ 18వ శతాబ్ది మధ్యలో పని మొదలుపెట్టాడు. పూర్తయింది మాత్రం ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా ఏలుబడిలో, 1857-69 మధ్య. దక్షిణం ఆవరణలో అఫ్జల్, మహతాబ్, తహనియత్, అఫ్తాబ్ మహళ్లు నాలుగూ తోట చుట్టూ కొలువుదీరినట్టు ఉంటాయి. వాటిలో అఫ్జల్ మహలు ముఖద్వారం స్తంభాలు యూరప్ పోకడవి.

ఉత్తరం ఆవరణది వేరే అందం. పొడుగాటి నీటి తొట్టి, ఫౌంటెన్లు, పచ్చిక. గాలి ఆగినప్పుడు దర్బారు హాలైన ఖిల్వత్ ముబారక్ కమానులు నీళ్లలో తలకిందులుగా తేలతాయి. లోపల పాలరాతి నేల, నిజాం గద్దె, పైన 19 బెల్జియం షాండ్లియర్లు. ఆసఫ్ జాహీ నిజాంల దర్బారు జరిగింది ఇక్కడే.

అఫ్జల్ ఉద్దౌలా పోయింది 1869లో. రెండేళ్లకు, 1871లో, భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనుగొన్నాడు. అంటే మహలు కట్టడంలో బొగ్గు పైసా లేదు. 1886లో ఆరో నిజాం సర్కారు తవ్వకం హక్కులను హైదరాబాద్ దక్కన్ కంపెనీకి ఇచ్చింది. 1889లో బొగ్గు బయటికొచ్చింది. 1920లో కంపెనీ పేరు సింగరేణి కాలరీస్ అయింది. 1945లో ఏడో నిజాం సర్కారు అందులో మెజారిటీ వాటా కొన్నది. రామగుండం బాయిలు నిజాం పాలన పోయాక తవ్వినవే అయినా, కంపెనీ వేళ్లు మాత్రం ఆ కాలంలోనే ఉన్నాయి.

రాజ్యం పోయాక కంపెనీ ప్రజాప్రభుత్వం చేతికొచ్చి పెరిగింది, మహలు పాడుబడింది. ఒకప్పుడు 45 ఎకరాలున్న ఆవరణలో ఇప్పుడు మిగిలింది సుమారు 12 ఎకరాలే. ఏడో నిజాం మనవడు ముకర్రం జా మాజీ భార్య ఎస్రా పూనుకొని బాగు చేయించాక, 2005లో జనానికి తలుపులు తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది.

ఈసారి రామగుండంలో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చార్మినార్‌తో ఆగకండి. ఖిల్వత్ దాకా వెళ్లి, మన కంపెనీకి మొదటి హక్కులు ఏ సర్కారు ఇచ్చిందో పిల్లలకు అక్కడే చెప్పండి. శుక్రవారం మాత్రం సెలవు.