అమ్మవారిని సాగనంపిన సోమవారం



కొత్త ఊరికి కాపురం మారితే మనం ముందుగా వాకబు చేసేది పాలవాడిని, కూరల బజారును, పిల్లల బడిని. ఊరి చరిత్ర ఎవరికి కావాలండీ? నేనూ అంతే. కాని ఒక ఆషాఢ సోమవారం నాడు ఆ చరిత్రే నాకు నడివీధిలో ఎదురొచ్చింది.

మావారికి విజయవాడ నుంచి హైదరాబాదుకు బదిలీ అయిన కొత్త. శ్రావణంలో మా ఆడపడుచు పెళ్ళి. గాజుల కోసం లాడ్ బజారుకు బయలుదేరాను. మదీనా దగ్గర ఆటో ఆగిపోయింది. "ఇంక ముందుకు పోదమ్మా" అని దింపేశాడు. విసుక్కుంటూ, జనాన్ని తప్పించుకుంటూ గుల్జార్ హౌజ్ దాకా నడిచానో లేదో, డప్పుల మోత! ఒళ్ళంతా పసుపు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడాతో ఒక మనిషి ఎగురుతూ వస్తున్నాడు. హడలిపోయి గోడకు ఒదిగాను. ఆ వెనుక, చార్మినారు వైపు నుంచి ఏనుగు. దాని మీద అమ్మవారి ఘటం.

పక్కనున్న ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "భయపడకు బిడ్డా, ఆయన పోతరాజు. అమ్మకు తమ్ముడు. ఆషాఢంల అమ్మ పుట్టింటికొచ్చింది. గిప్పుడు సాగనంపుతున్నం" అంది.

ఆషాఢంలో పుట్టింటికి వెళ్ళిన కొత్త పెళ్ళికూతుళ్ళం మనమందరమూ కాదూ? తిరుగు ప్రయాణంలో అమ్మ గడపలో నిలబడి కళ్ళు తుడుచుకోవడం మనకు తెలియనిదా? ఆ మాటతో నా విసుగు ఎటుపోయిందో!

ఆ తరువాత తెలుసుకున్నాను. అది హరిబౌలిలోని అక్కన్న మాదన్న మహంకాళి ఆలయపు ఘటం. గోలకొండ తానీషా దగ్గర మంత్రులుగా ఉండి, 1686లో హత్యకు గురైన అన్నదమ్ములే ఆ అక్కన్న, మాదన్నలు. మన భక్త రామదాసుకు మేనమామలు. ఆలయం పేరులో మంత్రులున్నా, జంటనగరాల బోనాల కథలో ముందుగా చెప్పుకునేది మాత్రం ఒక మామూలు మనిషి పేరు.

1813లో ఇక్కడ మహమ్మారి చెలరేగింది. పాతకాలపు వాళ్ళు గత్తర అంటారు చూడండి, అటువంటిది. సికింద్రాబాదు ఆలయం వారు చెప్పే కథ ప్రకారం, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య అప్పుడు ఉజ్జయినిలో ఉన్నాడు. మా ఊరివాళ్ళు బతికి బట్టకడితే నీకు గుడి కడతానని అక్కడి మహాకాళికి మొక్కుకున్నాడు. 1815లో తిరిగివచ్చి, కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. అదే నేటి ఉజ్జయినీ మహంకాళి ఆలయం.

మరి ఆడవాళ్ళ వంతు? బోనమే! బోనమంటే భోజనం. కొత్త కుండలో అన్నం వండి, కుండకు పసుపు కుంకాలు పెట్టి, వేపరెమ్మలు చుట్టి, పైన దీపం వెలిగించి నెత్తిన ఎత్తుకుంటారు. పండుగ గోలకొండలో మొదలై, సికింద్రాబాదు మీదుగా పాతబస్తీ లాల్ దర్వాజాకు చేరుతుంది. ఆ మర్నాటి సోమవారమే నేను చూసిన ఊరేగింపు. నయాపూల్ దగ్గర మూసీలో ఘటాన్ని నిమజ్జనం చేయడంతో అది ముగుస్తుంది. 1908 సెప్టెంబరు 28న పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నది ఆ మూసీయే. ఊరిని ముంచిన ఏటికే అమ్మను అప్పగించి వస్తారన్నమాట!

2014లో బోనాలు తెలంగాణ రాష్ట్ర పండుగ అయ్యాయి. ఇదంతా నాకు వినడానికి బాగుండే కథగానే ఉండేది, 2020 దాకా. ఆ యేడు కరోనా. ఎవరి బోనం వారు ఇంట్లోనే చేసుకోమంది ప్రభుత్వం. మహమ్మారి వల్ల పుట్టిన పండుగ మహమ్మారి వల్లనే వీధిలోకి రాలేకపోయింది, చూశారా? మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నారు. చూడనివ్వరు, క్యారేజీ పంపనివ్వరు. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ ఆదివారం నేను కొత్త కుండ కడిగి, అన్నం వండి, దీపం పెట్టాను. మా ఇళ్ళలో ఆ ఆచారం లేదు. ఊరికే కూర్చుంటే చేతులు వణుకుతున్నాయి, అంతే. దూరదేశంలో ఉండి, ఇంటి కబురు తెలియక అప్పయ్య పడ్డ బెంగ ఆనాడు నాకు అర్థమైంది.

అత్తగారు తిరిగి వచ్చారు. అది డాక్టర్ల చలవ. తిరిగి రానివాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు. కనుక బోనమెత్తితే జబ్బు పోతుందని నేను చెప్పను. భయం ఊరందరిదీ అయినప్పుడు, వంటింటి కుండతోనే దానికి ఎదురు నిలబడ్డారు మనవంటి ఆడవాళ్ళు. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ సంగతి ఊరు మరిచిపోలేదు. రాజుల చరిత్ర పిల్లలకు బడిలో చెబుతారు. ఈ చరిత్ర మాత్రం మనమే చెప్పాలి.

ఈసారి ఆషాఢంలో లాల్ దర్వాజా బోనాల మర్నాడు పిల్లల్ని వెంటబెట్టుకుని చార్మినారు వైపు వెళ్ళండి. పోతరాజును చూసి భయపడితే, అమ్మవారి తమ్ముడని చెప్పండి. గాజులంటారా? అవి ఇంకో రోజు కొనుక్కోవచ్చు. ఆవేళ నేనూ వట్టి చేతులతోనే ఇల్లు చేరాను మరి!

సెలవు.